ఆటగాడి జీతం ఎవరి పద్దులో ఉంది?

2012 ఫిబ్రవరి 4న బెంగళూరులో ఐపీఎల్ వేలం జరిగింది. లక్ష డాలర్ల దగ్గర మొదలైన రవీంద్ర జడేజా పాట చెన్నై సూపర్ కింగ్స్, హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ పోటాపోటీగా పాడటంతో 20 లక్షల డాలర్లకు చేరింది. ఆ రోజు ఒక్కో జట్టు ఖర్చు పెట్టగలిగిన మొత్తం పరిమితే అంత. ఇద్దరూ గోడ దగ్గరికొచ్చి ఆగారు. అప్పుడు నిబంధన ప్రకారం రెండు జట్లూ చెరో కాగితం మీద ఒక అంకె రాసిచ్చాయి. పెద్ద అంకె రాసిన చెన్నైకి జడేజా దక్కాడు. ఆ అంకె ఎంతో బయటికి చెప్పలేదు. ఆ డబ్బు జడేజాకూ వెళ్లలేదు, బీసీసీఐకి జమైంది. లక్షలాది మంది టీవీలో చూస్తుండగా జరిగిన బేరంలో అసలు ధర మాత్రం కాగితం మడతలోనే ఉండిపోయింది.

ఆటగాళ్ల జీతాల గురించి మన దేశంలో ఎప్పుడు మాట్లాడుకున్నా ఈ సంగతి గుర్తుకొస్తుంది. ఇక్కడ పాట బహిరంగం, పద్దు రహస్యం. ఉత్తర అమెరికాలో, ముఖ్యంగా మంచు హాకీలో, దీనికి పూర్తిగా తిరగేసిన పద్ధతి నడుస్తోంది. అక్కడ వేలాలు లేవు, బేరాలు నాలుగు గోడల మధ్యే జరుగుతాయి. సంతకం పడిన గంటల్లోనే ఆ కాంట్రాక్టులో ప్రతి పైసా అభిమానుల ముందుంటుంది. అలా ఉంచింది లీగ్ కాదు, జట్లు కావు. ఇంట్లో కూర్చుని లెక్కలు కట్టిన అభిమానులే ఆ పని చేశారు.

ఆ కథ కాస్త వెనక నుంచి చెప్పుకోవాలి. నేషనల్ హాకీ లీగ్‌లో ఒకప్పుడు జీతాలు ఇంటిగుట్టు. డెట్రాయిట్ రెడ్ వింగ్స్‌కు రెండు దశాబ్దాలకు పైగా ఆడిన గోర్డీ హోవ్ ఆ రోజుల్లో ఆటకే పెద్ద పేరు. 1968లో ఆ జట్టుకు కొత్తగా వచ్చిన బాబ్ బాన్ తన జీతం చెప్పేదాకా, తనకంటే అతనికే ఎక్కువ ముడుతోందని హోవ్‌కు తెలియదు. వెళ్లి యజమానిని అడిగితే వెంటనే లక్ష డాలర్లకు పెంచేశారు. ఇన్నేళ్లూ తక్కువ ఎందుకిచ్చారంటే, అతను అడగలేదు కాబట్టి. పక్కవాడి జీతం తెలియనివాడు ఏమని అడుగుతాడు? 1990 ప్రాంతంలో ఆటగాళ్ల సంఘమే సభ్యుల జీతాలను బయటపెట్టింది. అప్పట్నుంచి జీతాలు నిచ్చెన ఎక్కాయి. అంతకుముందు సంఘాన్ని ఏళ్ల తరబడి ఏలిన అలన్ ఈగిల్సన్ తర్వాత మోసం కేసుల్లో నేరం ఒప్పుకుని జైలుకెళ్లాడు. గుట్టు ఎవరికి లాభమో ఆ ఒక్క ముక్కతోనే తెలిసిపోతుంది.

రెండో మలుపు 2004-05. యజమానులకు, ఆటగాళ్లకు మధ్య తగవు తెగక ఆ సీజన్ మొత్తం రద్దయింది. మరుసటి ఏడాది ఆట మొదలయ్యేసరికి ప్రతి జట్టు జీతాల ఖర్చుకూ గరిష్ఠ పరిమితి వచ్చింది. మొదటి ఏడాది అది 3.9 కోట్ల డాలర్లు, 2025-26కు 9.55 కోట్లు. పరిమితి వచ్చిన రోజు నుంచి అభిమాని చూసే ఆటే మారిపోయింది. ఫలానా ఆటగాణ్ని మన జట్టు ఎందుకు కొనదు అంటే జవాబు మైదానంలో లేదు, కూడికలు తీసివేతల్లో ఉంది. అంత పెద్ద లీగ్ ఆ లెక్కను జనానికి సరిగా అందివ్వలేదు.

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఉండే మాట్ వ్యూస్ట్ అనే విలేఖరి 2009లో క్యాప్‌గీక్ పేరుతో ఆ పని మొదలుపెట్టాడు. ఒక్కో జట్టుకు ఒక పేజీ. ఎడమ పక్క ఆటగాడి పేరు, వయసు. కుడి వైపుకు ఒక్కో ఏడాదికి ఒక గడి. అందులో ఆ ఏడు జట్టు పరిమితిలోంచి కోత పడే మొత్తం. కాంట్రాక్టు ఎక్కడ ముగుస్తుందో అక్కడ అతను ఏ రకం స్వేచ్ఛతో బయటికొస్తాడో గుర్తు. అతని సమ్మతి లేకుండా వేరే జట్టుకు పంపకూడదన్న షరతుంటే అదీ ఉంటుంది. అడుగున మొత్తం, మిగులు. ఒక ఆటగాణ్ని మధ్యలో వదిలించుకుంటే ఎంత చెల్లించాలో చెప్పే గణనయంత్రం కూడా పెట్టాడు. ఈ చివరిది చిన్న విషయం కాదు. ఆ లీగ్‌లో కాంట్రాక్టుకు హామీ ఉంటుంది. వద్దనుకున్న ఆటగాడికి మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు, 26 ఏళ్లు నిండనివాడైతే మూడో వంతు, మిగిలిన కాలానికి రెట్టింపు ఏళ్లలో చెల్లించాల్సిందే. ఈ లెక్క చేత్తో కట్టాలంటే గుమాస్తాకే తల తిరుగుతుంది. జట్ల మేనేజర్లు, ఏజెంట్లు, పత్రికలవాళ్లు అందరూ ఆ ఒక్కడి పేజీలే తెరిచి చూసుకునేవాళ్లు. 2015 జనవరిలో అనారోగ్యంతో అతను దాన్ని మూసేశాడు. మార్చిలో క్యాన్సర్‌తో చనిపోయాడు. వయసు 35.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఖాళీని పూరించడానికి వచ్చిన జనరల్ ఫానేజర్ స్థాపకుణ్ని 2016లో కొత్తగా పుట్టిన వేగాస్ జట్టు ఉద్యోగంలో పెట్టుకుంది, ఆ సైటు మూతబడింది. అలాంటిదే మరో సైటు క్యాప్‌ఫ్రెండ్లీ దాదాపు పదేళ్లు అందరికీ ఆధారమైంది. 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు దాన్ని కొనేసింది, జూలైలో జనానికి తలుపులు మూసింది. ఇప్పుడు ఆ బరువు ఎక్కువగా పక్‌పీడియా మీద ఉంది. అభిమాని కట్టిన పద్దుకు రెండు గండాలు కనిపిస్తున్నాయి: కట్టినవాడు పోవడం, కట్టినవాణ్ని కొనెయ్యడం. రెండోదాన్ని విజయం అంటారేమో కానీ, చదివేవాడి వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే.

మనవాళ్లకు ఇంత ఓపిక లేదా అంటే, అది తప్పు మాట. 1993లో క్రిక్‌ఇన్ఫో పుట్టింది అచ్చం ఇలాగే. అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న మన కుర్రాళ్లు, సైమన్ కింగ్ వంటి క్రికెట్ పిచ్చివాళ్లు కలిసి స్కోర్లు టైపు చేసి పంచుకునేవాళ్లు. తర్వాత చెన్నైలో పుస్తక ప్రచురణకర్తగా పేరు తెచ్చుకున్న బద్రి శేషాద్రి అందులో తొలినాటి మనిషి. అది 2003లో విజ్డెన్ చేతికి, 2007లో ఈఎస్‌పీఎన్ చేతికి వెళ్లింది. ఆ సంస్థకు ముఖ్యమైన కార్యాలయం ఇవాళ బెంగళూరులోనే ఉంది. మన హాకీలోనూ అంతే. మధ్యప్రదేశ్‌లోని సీహోర్‌లో ఇంజనీరు ఉద్యోగం చేస్తూ బి.జి. జోషి దేశ హాకీ గణాంకాలను ఒంటిచేత్తో పోగుచేశాడు. ధన్‌రాజ్ పిళ్లై ఎన్ని గోల్స్ కొట్టాడో అధికారిక లెక్క లేని దేశం మనది, అటువంటి చోట ఆ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి లోపం అభిమానుల్లో లేదు. పరుగులు, గోల్స్ కళ్ల ముందు పడతాయి, రాసుకోవచ్చు. కాంట్రాక్టు కళ్ల ముందు పడదు.

పడుతుందని మనం అనుకుంటాం, వేలం వల్ల. 2011, 2012, 2014, 2016, 2017, 2018, 2022 వేలాలన్నీ బెంగళూరులోనే జరిగాయి. 2022లో పాటగాడు హ్యూ ఎడ్మీడ్స్ వేదిక మీదే కుప్పకూలితే చారు శర్మ వచ్చి సుత్తి అందుకున్నాడు. 2008లో బెంగళూరు జట్టుకు మొదటి సీఈవో ఆయనే. ఇంత బహిరంగంగా జరిగే తంతులో దాపరికం ఎక్కడుంటుంది?

ఉంటుంది. 2025 డిసెంబరులో అబుదాబిలో కామెరాన్ గ్రీన్‌ను కోల్‌కతా 25.20 కోట్లకు పాడుకుంది. పత్రికలన్నీ అదే శీర్షిక పెట్టాయి. చిన్న వేలంలో విదేశీ ఆటగాడికి దక్కే సొమ్ముకు వేరే పరిమితి ఉంది కనుక అతనికి వచ్చేది 18 కోట్లు. మిగతా 7.20 కోట్లు ఆటగాళ్ల సంక్షేమం పేరిట బోర్డుకు పోతాయి. జట్టు పర్సులో కోత పడేది ఒకటి, ఆటగాడి చేతికొచ్చేది మరొకటి అన్నమాట. ఇది కనీసం ముందే ప్రకటించిన నిబంధన, అభిమాని పట్టుకోగలడు. హామీ సంగతి చూడండి. 2024 నవంబరులో వెంకటేశ్ అయ్యర్‌ను కోల్‌కతా 23.75 కోట్లకు కొంది. ఏడాది తిరక్కుండానే వదిలేసింది. తర్వాతి వేలంలో బెంగళూరు అతన్ని 7 కోట్లకు తీసుకుంది. మంచు హాకీలో అయితే పాత జట్టు ఇంకా చెల్లిస్తూనే ఉండేది. మన దగ్గర పెద్ద వేలంలో పలికిన ధరను మూడేళ్ల సంపాదనగా గుణించి మురిసిపోయే కథనాలు కాకిలెక్కలే. ప్రతి ఏడూ వదిలేసే హక్కు ఫ్రాంచైజీ చేతిలో ఉంది.

అయినా ఐపీఎల్‌లో చాలావరకు లెక్క కట్టొచ్చని ఒప్పుకోవాలి. 2025కు ముందు అట్టిపెట్టుకున్న ఆటగాళ్ల జాబితానే తీసుకుందాం. అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడిన ఐదుగురిని ఉంచుకుంటే వరుసగా 18, 14, 11, 18, 14 కోట్ల మెట్లు, మొత్తం 75 కోట్లు. సన్‌రైజర్స్ దాన్ని అలాగే పంచలేదు. క్లాసెన్‌కు 23, కమిన్స్‌కు 18, హెడ్‌కు, అభిషేక్ శర్మకు 14 చొప్పున, నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు. కూడి చూడండి, సరిగ్గా 75. క్లాసెన్‌కు పైన కలిపిన 5 కోట్లు నితీశ్ నిలిచిన 11 కోట్ల మెట్టు నుంచి వచ్చాయి. విశాఖ కుర్రాడు 20 లక్షల నుంచి 6 కోట్లకు ఎదిగాడని మనం చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. తన మెట్టు విలువలో సగానికి కాస్త మించి మాత్రమే అతనికి దక్కిందన్నది ఒక పద్దు పేజీ ఉంటే ఎవరికైనా ఒక్క చూపులో కనిపించేది. బేరమాడే బలం ఎవరికుందో జీతాల పట్టిక చెప్పినంత నిక్కచ్చిగా మరేదీ చెప్పదు.

జీతం కంటే, జట్టు పరిమితిలో ఆ జీతం ఎన్నో వంతు అన్నది చూస్తే ఇంకా తమాషాలు బయటపడతాయి. మంచు హాకీలో ఏ ఒక్కరికీ పరిమితిలో 20 శాతం మించి ఇవ్వకూడదు. 120 కోట్ల పర్సులో లక్నో 27 కోట్లకు పాడిన రిషభ్ పంత్ 22.5 శాతం. 2023లో తెలుగు టైటాన్స్ 2 కోట్ల 60 లక్షలు పెట్టి తెచ్చుకున్న కబడ్డీ ఆటగాడు పవన్ సెహ్రావత్ 5 కోట్ల పర్సులో సగానికి పైనే. ఒకప్పుడు బెంగళూరు బుల్స్‌ను గెలిపించిన మనిషే అతను. ఒక్క మోకాలి మీద జట్టు సగం డబ్బు ఆనించి ఆడటం ఎంతవరకు తెలివైన పనో టైటాన్స్ అభిమానులకే బాగా తెలుసు.

ఇక మన హాకీ. ప్రశ్న చిక్కబడేది ఇక్కడే.

జాతీయ జట్ల శిబిరాలు ఏళ్లుగా బెంగళూరు మైసూరు రోడ్డులోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలోనే నడుస్తున్నాయి. దేశంలో మేటి ఆటగాళ్లు ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది ఆ ఆవరణలోనే. వాళ్ల సంపాదన ఎంత అని ఎవరైనా పేజీ తయారు చేద్దామంటే మొదట దొరికేవి లీగ్ అంకెలే. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ వచ్చింది. అర్జున్ హాలప్ప నాయకత్వంలో కర్ణాటక లయన్స్ బెంగళూరులో ఆడింది. ఒక్క సీజన్‌తో అది చాప చుట్టేసింది. డబ్బు పూర్తిగా అందలేదని ఆటగాళ్ల ఫిర్యాదులు చాలాకాలం వినిపించాయి. 2013లో హాకీ ఇండియా లీగ్ మొదలైంది. తొలి వేలంలో సర్దార్ సింగ్ 78 వేల డాలర్లతో అందరికంటే పైన నిలిచాడు. 2017 తర్వాత అదీ ఆగిపోయింది. మళ్లీ 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలంతో తిరిగి లేచింది. పురుషుల జట్టుకు 4 కోట్ల పర్సు. హర్మన్‌ప్రీత్ సింగ్ 78 లక్షలు, అంటే 19.5 శాతం. హైదరాబాద్ తూఫాన్స్ అర్జెంటీనాలో పుట్టి జర్మనీకి ఆడుతున్న గొన్జాలో పెయాకు 68 లక్షలు పెట్టింది, ఆ సీజన్ ఫైనల్ దాకా వెళ్లి 4-3తో బెంగాల్ చేతిలో ఓడింది. మహిళల జట్లకు పర్సు 2 కోట్లు, అంటే సగం. అందరికంటే ఎక్కువ పలికిన ఉదిత దుహాన్‌కు 32 లక్షలు. బెంగళూరుకు మాత్రం ఈ కొత్త లీగ్‌లో జట్టే లేదు. శిబిరం ఉన్న ఊరికి జట్టు లేకపోవడం మన హాకీకే చెల్లింది.

ఈ అంకెలన్నీ ఒక పట్టికలో పెడితే అయిపోయిందా? పెడితే అబద్ధం చెప్పినట్టే. ఏడేళ్లు లీగ్ లేని కాలంలో ఆటగాళ్లు తిన్నదేమిటి? ఉద్యోగం. హాకీలో అసలు కాంట్రాక్టు అపాయింట్‌మెంట్ ఆర్డరే. హైదరాబాద్ బిడ్డ, మూడు ఒలింపిక్స్ ఆడిన ముకేశ్ కుమార్, ధన్‌రాజ్ పిళ్లై, ఇద్దరూ ఇండియన్ ఎయిర్‌లైన్స్ మనుషులు. ఎం.ఎం. సోమయ్య భారత్ పెట్రోలియం. మహిళల జట్టును మోసింది చాలావరకు రైల్వేలు. 2024లో పంజాబ్ ప్రభుత్వం హర్మన్‌ప్రీత్‌ను, మన్‌దీప్‌ను డీఎస్పీలను చేసింది. లీగ్‌లో ఎంత పలికాడన్నది పండగ నాటి కొత్త చొక్కా వంటిది, ఇల్లు గడిచేది ఒకటో తారీఖు జీతంతో. ఆ ఉద్యోగం దొరకనివాళ్ల సంగతి కూడా పట్టికలో ఉండాలి. 2018లో అర్జున అవార్డు అందుకున్న గోల్‌కీపర్ సవితా పునియా తనకింకా ఉద్యోగం రాలేదని పత్రికల ముందు చెప్పుకోవాల్సి వచ్చింది. దేశం తరఫున గోల్ కాపాడుతున్న మనిషికి ఆ రోజు లెక్కలో సున్నా.

క్రికెట్ బోర్డు ఈ విషయంలో హాకీ కంటే మెరుగు అని చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా అది నిజం. 2024-25 వార్షిక కాంట్రాక్టుల్లో మగవాళ్లకు ఎ ప్లస్ గ్రేడైతే 7 కోట్లు, ఆ కింద 5, 3, ఒక కోటి. ఆడవాళ్లకు 50 లక్షలు, 30, 10. ఆ తేడా ఎంత అన్యాయమో చెప్పగలుగుతున్నామంటే అంకెలు ప్రకటించారు కాబట్టే. 2022 అక్టోబరులో మ్యాచ్ ఫీజులు ఇద్దరికీ సమానం చేశారంటే ఆ అంకెలు బయట ఉండటం కొంత కారణం. 2015లో శశాంక్ మనోహర్ హయాంలో 25 లక్షలు దాటిన ప్రతి చెల్లింపునూ వెబ్‌సైట్‌లో పెట్టాలని కూడా నిర్ణయించారు. హాకీలో అలాంటి గ్రేడ్ల పట్టిక లేదు. గెలిచిన మ్యాచ్‌కు ఆటగాడికి 50 వేలు, ఒలింపిక్ పథకం కింద నెలవారీ భత్యం, పతకం వస్తే రాష్ట్రాలు ప్రకటించే నజరానాలు. అన్నీ విడివిడి చీటీలు.

ఒకరి జీతం ఊరందరికీ ఎందుకు, అది సొంత విషయం కదా అనే వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తోసెయ్యలేం. పల్లెలో కొడుకు పేరు పక్కన 78 లక్షలని టీవీలో పడితే మర్నాడు గుమ్మం ముందు ఎంతమంది చుట్టాలు వాలతారో అందరికీ తెలుసు. మన దగ్గర ఆ నష్టం వేలం ఎలాగూ చేసేసింది. అంకె మొత్తం చెప్పేశారు, దాన్ని కాపాడే కాగితాన్ని మాత్రం దాచారు. ఆటగాడికి మేలు చేసేది ఆ రెండోదే. ఐపీఎల్‌లో కొచ్చి టస్కర్స్ జట్టు 2011లో ఒక్క సీజన్‌తో పోయింది. తమకు రావాల్సిన దానిలో 35 శాతం ఇంకా అందలేదని ఆ జట్టు ఆటగాడు బ్రాడ్ హాడ్జ్ పదేళ్ల తర్వాత, 2021లో బహిరంగంగా అన్నాడు. ఎంత ఇవ్వాలి, ఎంత ఇచ్చారు అన్న రెండు గడులూ పక్కపక్కన ఉంటే ఆ మాట పదేళ్లు ఆగేది కాదు.

ఉత్తర అమెరికాలో ఆ గడులు నిండటానికి అసలు ఆధారం ఆటగాళ్ల సంఘం. ప్రతి కాంట్రాక్టూ లీగ్‌లోనూ సంఘంలోనూ నమోదవుతుంది, అక్కడి నుంచి లెక్క బయటికొస్తుంది. 2019లో ఏర్పడిన మన భారత క్రికెటర్ల సంఘం ఆట మానేసినవాళ్ల కోసమే. ఆడుతున్నవాళ్లకు సంఘం లేదు. ఫుట్‌బాల్‌లో 2006 నుంచి ఒకటుంది. హాకీలో ఆ ఊసే వినపడదు. సంఘం లేని చోట అభిమాని అయినా పత్రిక అయినా ఏజెంట్ల లీకుల మీద ఆధారపడాల్సిందే. ఫుట్‌బాల్ అభిమానులు తరచూ చూసే ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అంకెలు కూడా చాలావరకు సభ్యుల చర్చల్లోంచి తేలిన అంచనా విలువలు. బెంగళూరు ఎఫ్‌సీ ఆటగాడి పక్కన అక్కడ కనిపించేది అతని జీతం కాదు. జనం ఆ తేడా మరచిపోతారు.

మిగిలింది చట్టం. 2018 అక్టోబరులో బీసీసీఐ సమాచార హక్కు పరిధిలోకి వస్తుందని తేల్చిన కేంద్ర సమాచార కమిషనర్ మాడభూషి శ్రీధర్ ఆచార్యులు మన మనిషే, హైదరాబాద్ నల్సార్‌లో న్యాయశాస్త్రం చెప్పిన పంతులుగారు. ఆ తీర్పు నిలబడలేదనే చెప్పాలి. 2025లో పార్లమెంటు చేసిన క్రీడా పాలనా చట్టం ప్రభుత్వ సొమ్ము తీసుకునే సంఘాల దగ్గరే గీత గీసింది. దేశంలో హాకీని నడిపే సంఘం హాకీ ఇండియా ఆ గీతకు లోపలే ఉంది. 2021 డిసెంబరులో సభ్యుల జాబితా, ఉద్యోగుల జీతాలు వెల్లడించమని కమిషన్ ఆదేశిస్తే ఆ సంఘం ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. జీతాలు చెప్పడానికి అభ్యంతరం ఏమిటన్న ధోరణిలోనే కోర్టు ప్రశ్నించింది, ఆదేశాన్ని ఆపడానికి ఒప్పుకోలేదు.

ఇక్కడే చట్టంలో ఒక విచిత్రం ఉంది. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థా తన ప్రతి ఉద్యోగి నెల జీతాన్ని ఎవరూ అడక్కుండానే ప్రకటించాలి. రైల్వే, ఆయిల్ కంపెనీ, పోలీసు శాఖ, అన్నీ అందులోకే వస్తాయి. కనుక రైల్వేలో పనిచేసే హాకీ క్రీడాకారిణి నెల జీతం బయట ఉండాల్సిన విషయమే, వేతన శ్రేణి చూసి ఎవరైనా దగ్గరగా లెక్క కట్టొచ్చు. అదే మనిషికి లీగ్‌లో నిజంగా ఎంత అందిందో అడిగితే వాణిజ్య రహస్యమని ఒక మినహాయింపు, వ్యక్తిగత సమాచారమని ఇంకో మినహాయింపు సిద్ధంగా ఉన్నాయి. రెండోదాన్ని 2023 డేటా రక్షణ చట్టం ఇంకా బిగించింది. బెంగళూరులో ఓపికున్న కుర్రాడెవరైనా హాకీ జీతాల పేజీ కట్టాలనుకుంటే ఉద్యోగం గడి ముందు నిండుతుంది. అక్కడి నుంచి మొదలుపెట్టి, లీగ్ గడి కోసం పది రూపాయల దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే ఆ తిరస్కరణ కాగితాన్నే ఆ గడిలో అతికించవచ్చు.